వాగుకు ఇవతలి ఆదివారం

స్కౌట్లలో చేరతానని కూతురు అడిగిన సాయంత్రం అద్దాలాయన వెంటనే కాదనలేదు. కాదనలేదు కాబట్టి ఔనన్నట్టేనని ఆ పిల్ల సంబరపడింది. భార్య మాత్రం సంబరపడలేదు. ఆయన మంచినీళ్ళ గ్లాసు పెదవుల దాకా తీసుకెళ్ళి, గుక్కయినా తాగకుండా దించేశాడంటే దాని అర్థమేమిటో ఆమెకు పెళ్ళయిన కొత్తలోనే తెలిసిపోయింది.

కిటికీలకు, తలుపులకు అద్దాలు కోసి బిగించడం ఆయన పని. ఇంటి కిందే దుకాణం. గోడకు చేరేసిన పలకల మధ్య నడిచేటప్పుడు మోచేతులు ఒంటికి అదుముకుని నడిచేవాడు. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే పెళ్ళిళ్ళలో, బస్సుల్లో, చివరికి గుడి వరండాలో కూడా అలాగే నడిచేవాడు. ఊరి కతోలిక గుడిలో ఆదివారం పూజప్పుడు బైబిలులోంచి మొదటి పఠనం చదివేది ఆయనే. పూజ అయ్యాక, మొదటిసారి సత్ప్రసాదపు అప్పం తీసుకోవడానికి తయారయ్యే పిల్లలకు సత్యోపదేశ పాఠాలు చెప్పేదీ ఆయనే. పది ఆజ్ఞలూ వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పేటప్పుడు ఆ వేళ్ళ మీది పాత గాట్లు చూడ్డానికే సగం మంది పిల్లలు ముందు వరసలో కూర్చునేవారు.

భార్య ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. మనుషులను చర్మం దాటి చూసే ఉద్యోగం కదా, మొగుణ్ణి కూడా అలాగే చూస్తుందని ఇరుగుపొరుగు నవ్వుకునేవారు. వాళ్ళకు ఒక్కతే కూతురు. ఒళ్ళు చిన్నది, గొంతు పెద్దది, అందుకని ఇంట్లో పిచ్చుక అనేవారు. అప్పటికి దానికి పదమూడేళ్ళు.

స్కౌట్ల మీద అద్దాలాయనకు ఉన్న అనుమానం ఒట్టి గాలి కబురు కాదు. వాళ్ళ ప్రమాణంలో ఇదివరకు దేవుడి పేరు తప్పనిసరిగా ఉండేదట. ఇప్పుడు ఇష్టమున్నవాళ్ళు దేవుడి పేరు చెప్పుకోవచ్చు, లేనివాళ్ళు 'నా విలువలకు' అని చెప్పుకోవచ్చు. మగపిల్లలూ ఆడపిల్లలూ కలిసి శిబిరాలకు వెళతారు. శిబిరాలన్నీ శని, ఆదివారాల్లోనే పడతాయి. పైగా ఆ దళాన్ని నడిపేది ఊరి ఈతకొలనులో ఈత నేర్పే టీచరమ్మ. ఆమె ఏ గుడి మెట్టూ ఎక్కదని అందరికీ తెలుసు.

"మన దగ్గర బాలికా సంఘం ఉంది కదా," అన్నాడు భార్యతో.

"ఉంది. అందులో ముగ్గురు పిల్లలున్నారు. పీఠం మీది గుడ్డలు ఇస్త్రీ చేస్తారు. మీ కూతురు చెట్టెక్కే పిల్ల, దానికి ఇస్త్రీపెట్టె ఇస్తానంటే ఎలా?"

"చెట్టెక్కడం వేరు, దేవుణ్ణి పక్కన పెట్టడం వేరు."

"పక్కన పెట్టమని ఎవరన్నారు? పెట్టుకున్నవాళ్ళు పెట్టుకోవచ్చన్నారు, అంతే."

అలా వారం రోజులు నడిచింది. గట్టిగా అరుచుకున్నది లేదు. అరుచుకుంటే ఒక పూటలో తేలిపోయేదేమో. ఇద్దరూ పిల్ల వినకూడదని గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు, పిల్లేమో గోడ అవతల ఊపిరి బిగబట్టి ప్రతి మాటా వినేది. చివరికి తమ గుడిని చూసే విచారణ గురువుల దగ్గరికి వెళ్ళారు. ఆయన అంతా విని, వద్దనీ అనలేదు, వెళ్ళమనీ అనలేదు. చూడకుండా తీర్పు చెప్పవద్దని మాత్రం అన్నాడు. వెళ్ళి ఆ టీచరమ్మతో మాట్లాడి, తమ పిల్లకు ఏది ముఖ్యమో ఆమెకు చెప్పి, ఆమె ఏమంటుందో వినమన్నాడు.

అద్దాలాయన ఈతకొలను దగ్గరికే వెళ్ళాడు. తడిసిన గట్టు మీద మోచేతులు అదుముకుని నిలబడి, చుట్టూ తిప్పకుండా అడిగేశాడు.

"మీరు దేవుణ్ణి నమ్ముతారా?"

"నమ్మనండి," అంది ఆమె అంతే సూటిగా. "నమ్మే పిల్లలను నమ్మొద్దని చెప్పడం మాత్రం నా పని కాదు."

ఆ జవాబు ఆయనకు నచ్చలేదు, కానీ అందులో అబద్ధం కనిపించలేదు. ఆదివారం పూజ తప్పకూడదన్నది తమ షరతని చెప్పాడు. వచ్చే శిబిరం వేసే చోటికి వాగు దాటితే అరగంట నడకలో చిన్న గుడి ఉందనీ, రొట్టెల దుకాణం వాళ్ళ కవల ఆడపిల్లలూ కతోలికులే కాబట్టి ముగ్గురినీ కలిపి తీసుకెళ్ళే ఏర్పాటు చేస్తాననీ ఆమె మాట ఇచ్చింది. ఇంకా అనుమానముంటే సాయానికి వచ్చే తల్లిదండ్రుల్లో ఒకరిగా ఆయన్నే రమ్మంది. ఆయన సరేనన్నాడు. సాయం చెయ్యడానికే వెళుతున్నానని భార్యతో అన్నాడు. ఆమె నవ్వి, సాయానికి వెళ్ళేవాళ్ళు కళ్ళు ఇంత పెద్దవి చేసుకుని వెళ్ళరంది.

శిబిరంలో మొదటి పూటంతా అద్దాలాయన తప్పుల కోసమే చూశాడు. ఆడపిల్లల డేరాలు ఒక చివర, మగపిల్లలవి ఇంకో చివర, మధ్యలో పెద్దవాళ్ళవి ఉన్నాయి. ఏ పెద్దమనిషీ ఏ పిల్లతోనూ ఒంటరిగా ఉండకూడదట. చెప్పకుండా ఎవరూ శిబిరం హద్దు దాటకూడదట. ప్రతి పిల్ల మెడలోనూ ఈల ఉంది. వంకపెట్టడానికి ఏమీ దొరక్కపోతే మనిషికి ఊరటగా ఉండాలి. ఆయనకు మాత్రం అడుగు ఆనని నీళ్ళలో నిలబడ్డట్టుగా ఉంది.

సాయంత్రం మంట చుట్టూ కూర్చున్నప్పుడు ఆయన వెతుకుతున్నది దొరికింది. ఎవరు దేన్ని నమ్ముతారో ఇష్టముంటే చెప్పుకోవచ్చంది టీచరమ్మ. కొందరు అమ్మ అన్నారు, ఒకడు ఫుట్‌బాల్ అన్నాడు, అందరూ నవ్వారు. మీసాలు మొలుస్తున్న ఒక పెద్ద పిల్లాడు లేచి, దేవుడనేవాడు పెద్దవాళ్ళు పిల్లలను అదుపులో పెట్టుకోవడానికి చేసుకున్న ఏర్పాటని అన్నాడు. టీచరమ్మ అతన్ని ఖండించలేదు, మెచ్చుకోనూ లేదు, తరవాతెవరని అడిగింది. అద్దాలాయన కూతురి వైపు చూశాడు. పుట్టిన ఎనిమిదో రోజున జ్ఞానస్నానం పొందిన పిల్ల, జపమాల చెప్పనిదే నిద్రపోని పిల్ల, పుల్లతో బూడిద కెలుకుతూ కూర్చుంది. దాని వంతు వచ్చింది. తల అడ్డంగా ఊపింది. వంతు పక్కవాళ్ళకు వెళ్ళిపోయింది.

ఆ మౌనం ఆయనకు గాజుపెంకులా దిగింది. సిగ్గుపడిందనుకున్నాడు. ఒక్క రోజుకే ఇలా అయితే ఏడాదికి ఏమవుతుందనుకున్నాడు. అప్పటినుంచి మర్నాటి పూజ ఆయనకు పూజ మాత్రమే కాకుండా పోయింది.

రాత్రి వాన పడింది. తెల్లవారేసరికి వాన వెలిసింది కానీ, దాటడానికి వాగులో వరసగా వేసిన రాళ్ళు ఒక్కటీ పైకి కనిపించడం లేదు. చెవిపోటుతో ఏడుస్తున్న ఒక పిల్లాణ్ణి వంట చూసే ఆయన వ్యానులో ఊళ్ళో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఉన్నది ఆ ఒక్క వ్యానే. టీచరమ్మ గట్టు మీద నిలబడి నీళ్ళను చాలాసేపు చూసి, అద్దాలాయన దగ్గరికి వచ్చింది.

"దాటడానికి లేదండి. వ్యాను వస్తే రోడ్డు మీదుగా తిప్పి పంపేదాన్ని, కానీ అది వచ్చేసరికి మీ పూజ అయిపోతుంది. మాట ఇచ్చాను, నిలబెట్టుకోలేకపోతున్నాను. క్షమించండి."

మోకాలి లోతు నీళ్ళే కదా అన్నాడు ఆయన. కనిపించేది మోకాలి లోతు, కింద రాళ్ళు కదులుతున్నాయంది ఆమె. తాను పెద్దవాణ్ణి, పిల్లలను చెయ్యి పట్టుకుని దాటిస్తానన్నాడు. నీళ్ళ విషయంలో ఇక్కడ తన మాటే చివరిదంది ఆమె. గొంతు పెంచలేదు. వెనక్కి తిరిగి, కూలిన డేరా ఒకటి లేపడానికి వెళ్ళిపోయింది.

సరిగ్గా అప్పుడే అవతలి గుట్ట వెనక గుడి గంట మోగింది.

గంట వినబడకపోతే ఏమయ్యేదో. అద్దాలాయన ఎన్నిసార్లో పిల్లలకు తానే చెప్పాడు: ఆదివారం పూజ తప్పనిసరి, కానీ జబ్బో, దారి తెగడమో, పసిబిడ్డను చూసుకోవడమో ఉంటే తప్పు లేదు, దేవుడు మనుషులను ఇరుకున పెట్టేవాడు కాదు. ఆ మాట ఆయనకు ఆ క్షణంలో గుర్తు రాలేదని కాదు. గుర్తొచ్చింది. దాన్ని పక్కకు నెట్టేశాడు. ఆయన కళ్ళ ముందు బూడిద కెలుకుతున్న కూతురుంది, మీసాల పిల్లాడున్నాడు, దేవుణ్ణి నమ్మనని ఈతకొలను దగ్గర సూటిగా చెప్పిన మనిషి ఉంది. ఈ ఒక్క పూట వెనక్కి తగ్గితే ఇక ఎప్పటికీ తగ్గుతూనే ఉండాలనిపించింది.

డేరాల వెనక కవలలు జడలు వేసుకుంటున్నారు. ఇద్దరికీ తొమ్మిదేళ్ళుంటాయి. సత్యోపదేశంలో ఆయన దగ్గరే చదువుకుంటున్నారు. మాస్టారు పదండంటే ఎక్కడికని అడగని పిల్లలు. పిచ్చుక మాత్రం అడిగింది.

"టీచర్‌కి చెప్పావా నాన్నా?"

"చెప్పాను."

చెప్పిన మాట నిజమే. ఆమె వద్దన్న సంగతి ఆయన చెప్పలేదు. సగం నిజం నిండు అబద్ధం కన్నా చెడ్డదని ఎనిమిదో ఆజ్ఞ దగ్గర పిల్లలకు నేర్పే మనిషి, సొంత కూతురి దగ్గర ఆ సగంతోనే సరిపెట్టుకున్నాడు.

పొదల చాటునుంచి వాగు మలుపు దగ్గరికి దిగారు. నీళ్ళు మట్టిరంగులో ఉన్నాయి. పెద్ద చప్పుడేమీ లేదు. అద్దాలాయన ఒక కర్ర విరిచి లోతు చూశాడు. ఎడం చేత్తో కవలల్లో ఒకదాని చెయ్యి పట్టుకుని ఒక అడుగు నీళ్ళలో పెట్టాడు. ఆ పిల్ల చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది.

"నాన్నా, ఆగు."

ఆయన ఆగాడు కానీ వెనక్కి తిరగలేదు.

"టీచర్‌కి చెప్పానన్నావు. ఆవిడ ఏమన్నారు?"

ఆయన కర్రతో ముందున్న లోతు చూడసాగాడు. నీళ్ళు పిక్కల చుట్టూ తిరుగుతున్నాయి. ఆ కొద్దిసేపట్లోనే పిల్లకు సంగతి అర్థమైపోయింది.

"నేను దాటను," అంది పిచ్చుక. "వీళ్ళను కూడా దాటనివ్వను."

"ఆదివారం పూజ మానేస్తావా? రాత్రి నోరు మూసుకున్నావు, ఇప్పుడు కాళ్ళు కూడా కట్టేసుకున్నావా?"

అనకూడని మాట అనేశానని ఆయనకు అప్పుడే తెలిసింది. కానీ నోరు జారిన మాట వాగులో పడ్డ చెప్పు లాంటిది, చూస్తుండగానే పోతుంది, చేతికి రాదు. పిచ్చుక కిందికి దిగి వచ్చి, ఆయన చేతిలోంచి కవల పిల్ల చెయ్యి విడిపించింది. ఆ వేళ్ళు ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది. ఇద్దరు కవలలనూ గట్టు పైన ఒక బండ మీద కూర్చోబెట్టి, తాను వాళ్ళకూ నీళ్ళకూ మధ్య నిలబడింది.

అద్దాలాయనకు ముఖం మండిపోయింది. భయపడాల్సిందేమీ లేదని చూపించాలనుకున్నాడు. తాను దాటి చూపిస్తే పిల్లలే వస్తారనుకున్నాడు. కర్ర ఊతంగా రెండో అడుగు వేశాడు, మూడోది వేశాడు. వాగు నడిమి దాకా బాగానే వెళ్ళాడు. అక్కడ పాదం కింది రాయి దొర్లింది. ఇంకో రాయి మడమను పట్టుకుని మెలిపెట్టింది. ఏదో విరిగిన చప్పుడు ఆయనకు చెవుల్లో కాదు, ఎముకలో వినబడింది. కర్ర పోయింది. నీళ్ళు నడుముకు, అక్కణ్ణుంచి రొమ్ముకు ఎక్కాయి. కొట్టుకుపోతూ, వాగు మీదికి వంగిన ఒక కొమ్మను పట్టుకున్నాడు. ఆయన బరువుకు ఆ కొమ్మ కిందికీ పైకీ ఊగుతోంది.

కవలలు చెరో గొంతుతో ఏడుపు అందుకున్నారు. కూతురు తనకోసం నీళ్ళలోకి దూకుతుందని ఆయన హడలిపోయాడు. "రావద్దు!" అని అరవబోయాడు, నోట్లోకి నీళ్ళు వచ్చాయి. పిచ్చుక దూకలేదు. మెడలో ఈల తీసి మూడుసార్లు పొడుగ్గా ఊదింది. ఆగి, మళ్ళీ మూడుసార్లు ఊదింది. ఊదడానికీ ఊదడానికీ మధ్య కవలలతో, బండ దిగొద్దు, మాస్టారి వైపే చూస్తూ మరియమ్మ మంగళవార్త జపం చెప్పండి, ఆపొద్దు అని చెప్పింది. వాళ్ళు ఏడుస్తూనే మొదలుపెట్టారు. అద్దాలాయన కూడా చెప్పబోయాడు. చిన్నప్పటినుంచీ శ్వాసలా చెప్పే జపం సగంలో మర్చిపోయాడు. చేతుల్లో పట్టు సడలుతోంది. గట్టు మీద ఆ రెండు చిన్న గొంతులూ మళ్ళీ మొదటికి వచ్చి, మళ్ళీ చివరికి వెళ్ళి, ఆగకుండా చెబుతూనే ఉన్నాయి.

టీచరమ్మ పరిగెత్తుకొచ్చింది. భుజానికి తాడు చుట్ట ఉంది. ముందుగా గట్టు మీది పిల్లలను చూసింది. "ముగ్గురూ ఉన్నారు," అని తనకు తాను పైకే చెప్పుకుని, అప్పుడు ఆయన వైపు తిరిగింది. తాడు ఒక చివర చెట్టు మొదలుకు కట్టి, రెండో చివర విసిరింది. మొదటిసారి అందలేదు. రెండోసారి ఆయన మెడ పక్కగా పడింది. చంకల కింది నుంచి ఎలా చుట్టుకోవాలో, కొమ్మను ఎప్పుడు వదలాలో ఆమె చెబుతుంటే, సత్యోపదేశం చెప్పే మనిషి బడిపిల్లాడిలా చేశాడు. వెనక నుంచి వచ్చిన పెద్ద పిల్లలు తాడు లాగారు. లాగినవాళ్ళలో మీసాల పిల్లాడే ముందున్నాడు.

గట్టు మీద పడి దగ్గుతున్న ఆయన్ని వదిలి టీచరమ్మ బండ దగ్గరికి వెళ్ళింది. పిల్లలను ఒక్కొక్కరినే దగ్గరికి తీసుకుని, మళ్ళీ పైకే లెక్కపెట్టింది. ఆ లెక్క విన్నాకే తానేం చేశాడో అద్దాలాయనకు తెలిసివచ్చింది.

ఎక్స్‌రే తీసింది భార్యే. ఆ పూట ఆమెదే డ్యూటీ. పాదం పలక మీద సరిచేసి పెట్టి, బొమ్మ తీసి, తెర మీద విరిగిన ఎముకను చూసింది. గదిలో ఇంకెవరూ లేరు. జరిగిందేమిటని అడిగింది. ఆయన కాలు జారిందన్నాడు.

"ఛాతీ బొమ్మకైతే ఊపిరి బిగబట్టమంటాను. పాదానికి అక్కర్లేదు. చెప్పండి."

చెప్పాడు. టీచరమ్మ వద్దన్నదీ, తాను పిల్లతో సగమే చెప్పిందీ, కవల చెయ్యి పట్టుకుని నీళ్ళలో అడుగు పెట్టిందీ, రాత్రి మౌనం గురించి పిల్లను అన్న మాటా, ఏదీ దాచలేదు. ఆమె తెర ఆర్పి, ఆయన పాదాన్ని మెల్లిగా పలక మీంచి దించింది.

"మన పిల్లయితే మన ఖర్మ అనుకునేవాళ్ళం," అంది. "వాళ్ళు పరాయివాళ్ళ పిల్లలండీ. రొట్టెలాయనకు మీరే చెప్పాలి. నేను చెప్పను, పిల్లనూ చెప్పనివ్వను."

ఆయన చెప్పలేకపోయాడు. చెప్పే లోపే కథ వేరే దారి పట్టింది. కవలలు ఇంటికెళ్ళి, మాస్టారు ముందుగా నీళ్ళలోకి దిగి చూశారనీ, పడిపోయారనీ, తాము జపం చెప్పామనీ చెప్పారు. రొట్టెలాయన అందులోంచి తనకు అర్థమైంది తీసుకున్నాడు. తన పిల్లలకోసం ఒక మనిషి ముందుగా తన ప్రాణం ఒడ్డాడని కళ్ళనీళ్ళ పర్యంతమై, కట్టు కట్టిన కాలు పక్కన కూర్చుని చేతులు పట్టుకున్నాడు. అద్దాలాయనకు మింగనూ రాలేదు, కక్కనూ రాలేదు. రొట్టెలాయన పెట్టి వెళ్ళిన పొట్లం విప్పకుండా అలాగే ఉండిపోయింది.

గుడిలో ఇంకో కథ పెరిగింది. స్కౌట్ల టీచరమ్మ పిల్లలను పూజకు పోనివ్వలేదనీ, విశ్వాసం కోసం నిలబడ్డ తండ్రి వాగులో కొట్టుకుపోబోయాడనీ చెప్పుకున్నారు. పిచ్చుకను అడిగినవాళ్ళకు ఒకటే జవాబు దొరికేది: "నాన్నను అడగండి." ఆ పిల్ల తండ్రితో అవసరానికి మించి మాట్లాడడం మానేసింది. అన్నం పెట్టమంటే పెట్టేది, ఊతకర్రలు అందించమంటే అందించేది, కళ్ళలోకి మాత్రం చూసేది కాదు.

అద్దాలాయన గురువుల దగ్గరికి వెళ్ళి, తప్పు ఒప్పుకుని పాపసంకీర్తనం చేసుకున్నాడు. గురువులు పరిహారం చెప్పి, దీవించి, ఆయన వెళ్ళబోతుంటే ఒక మాటన్నారు. "దేవుడి దగ్గర చెప్పుకున్నావు. బాగుంది. ఆయనకు ముందే తెలుసు. తెలియనివాళ్ళు బయటున్నారు."

ఆ ఆదివారం పూజ అయ్యాక గుడి సంఘం పెద్ద అందరినీ ఆగమన్నాడు. పూర్వం బ్యాంకులో పెద్ద హోదాలో చేసినవాడు, మాట్లాడితే తీర్మానం చదివినట్టుంటుంది. కతోలిక కుటుంబాలేవీ ఇకపై ఆ దళానికి పిల్లలను పంపకూడదనీ, ఆ టీచరమ్మను తీసెయ్యమని వాళ్ళ పై ఆఫీసుకు గుడి తరఫున రాయాలనీ ప్రతిపాదించాడు. చాలా తలలు ఊగాయి. మన మధ్యనే ఉన్న ఈ సోదరుడు ఏం అనుభవించాడో ఆయన నోటితోనే వినండంటూ అద్దాలాయన వైపు చెయ్యి చాపాడు.

లేచి నిలబడడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. ఒక ఊతకర్ర బెంచీకి తగిలి కిందపడింది. ఎవరో అందించారు. ఎదురుగా రెండో వరసలో రొట్టెలాయన, ఆయన భార్య, మధ్యలో కవలలు ఉన్నారు. రొట్టెలాయన తలాడిస్తూ ధైర్యం చెబుతున్నాడు. ఒక్క మాట మాట్లాడకుండా కూర్చుండిపోతే సరిపోయేది. బాధతో గొంతు పెగల్లేదనుకునేవారు. ఆ దారి కూడా ఆయనకు కనిపించింది.

"ఆవిడ వద్దంది," అన్నాడు. "నీళ్ళు చూసి, ఎందుకో చెప్పి వద్దంది. పూజకు కాదు, వాగుకు వద్దంది. ఆవిడకు తెలియకుండా పిల్లలను నేను తీసుకెళ్ళాను. నా కూతురికి అబద్ధం చెప్పాను. ఈ చిన్నపిల్ల చెయ్యి పట్టుకుని నీళ్ళలో దిగబోయాను. నా కూతురు ఆ చెయ్యి విడిపించకపోతే నాతోపాటు ఆ పిల్లా పోయేది."

పఠనం చదివినప్పుడు వెనక వరసదాకా వినిపించే గొంతు అది. ఇప్పుడూ వినిపించింది. సంఘం పెద్ద చాపిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు. రొట్టెలాయన తల ఊపడం ఆగిపోయింది. ఆయన లేచి, చెరో చేత్తో ఇద్దరు పిల్లలనూ పట్టుకుని, నడవ మధ్యనుంచి ఎవరివైపూ చూడకుండా బయటికి నడిచాడు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"నేను మీ చేతులు పట్టుకున్నాను మాస్టారూ," అన్నాడు. అంతకన్నా ఏమీ అనలేదు.

ఆ తరవాత రొట్టెలాయన చాలా నెలలు ఆయన్ని పలకరించలేదు. కవలలు స్కౌట్లకూ వెళ్ళలేదు, సత్యోపదేశానికి ఇంకో మాస్టారి దగ్గరికి మారారు. అందులో అన్యాయమేమీ అద్దాలాయనకు కనిపించలేదు. తీర్మానం మాత్రం ఆ రోజే చల్లారిపోయింది. టీచరమ్మను పై ఆఫీసువాళ్ళు పిలిచి అడిగినప్పుడు ఆయన ఊతకర్రలతో అక్కడికీ వెళ్ళి అదే మాట చెప్పాడు. ఆమెను హెచ్చరించి పనిలో ఉంచారు. ఆయన్ని మాత్రం ఇకపై ఏ శిబిరానికీ రానివ్వకూడదన్నారు. పిల్లలు కలుసుకునే మైదానంలోకి కూడా రాకూడదు. సరేనన్నాడు.

ఇక పిల్ల సంగతి. దాన్ని మాన్పించాలా వద్దా అన్న మాట ఇంట్లో మళ్ళీ వచ్చింది. ఈసారి పిల్లను కూడా కూర్చోబెట్టుకుని గొంతు తగ్గించకుండా మాట్లాడుకున్నారు. ప్రమాణంలో దేవుడి పేరు ఉంటే ఉండొచ్చు, లేకపోతే లేదనడం తనకు ఇప్పటికీ మింగుడుపడదన్నాడు అద్దాలాయన. ఆ టీచరమ్మ మంచిదైతే అయింది, ఆ మాట మంచిది కాదన్నాడు. భార్య, దానికి తానూ ఒప్పుకుంటాననీ, కానీ ప్రమాణంలో ఏ మాట చెప్పాలో ఎంచుకోవాల్సింది పిల్లేననీ అంది. శిబిరముంటే, ఆదివారం పూజకు బదులుగా చెల్లే శనివారం సాయంత్రం పూజకు వెళ్ళిరావడం అందరికీ ఒప్పుదలైంది. అప్పుడు పిచ్చుక మొదటిసారి తండ్రి వైపు చూసింది.

"ఆ రాత్రి నేను సిగ్గుపడలేదు నాన్నా. నువ్వు చూస్తున్నావని మాట్లాడలేదు. నేనేం చెప్పినా నీకోసం చెప్పినట్టుండేది."

ఆయన ఊతకర్ర పక్కన పెట్టి పిల్ల వైపు తిరిగాడు. "అబద్ధం చెప్పాను నీతో," అన్నాడు. "ఊఁ," అంది పిల్ల. ఫరవాలేదని మాత్రం అనలేదు.

పిల్ల ప్రమాణం చేసే రోజు వచ్చింది. ఆ ముందు వారమే టీచరమ్మ స్కౌట్ల గదికి పగిలిన కిటికీ అద్దం వేయించుకోవడానికి దుకాణానికి వచ్చింది. అద్దాలాయన కొలతలు రాసుకుంటూ, తనను లోపలికి రానివ్వరు కదా, బిగించడానికి పనివాణ్ణి పంపుతానన్నాడు. సరేనని, వెళ్ళబోతూ, మైదానం కంచె బయట రోడ్డు మునిసిపాలిటీ వాళ్ళదంది ఆమె. అక్కడ నిలబడితే ఆపే హక్కు తనకు లేదనీ, అక్కడికి మాటలు వినిపిస్తాయనీ చెప్పింది. నవ్వలేదు కానీ, ఆ మాటలో నవ్వుంది.

భార్యాభర్తలిద్దరూ కంచె పక్కన నిలబడ్డారు. ఆయన కాలు ఇంకా పూర్తిగా మోపలేడు. లోపల పిల్లలు అర్ధచంద్రంలా నిలుచున్నారు. మొదట ఒక పిల్లాడు తన విలువలకు కట్టుబడి ఉంటానన్నాడు. అద్దాలాయన దవడ బిగుసుకోవడం భార్య చూసింది, చూడనట్టు ఊరుకుంది. తరవాత పిచ్చుక ముందుకొచ్చింది. చెయ్యెత్తి, దేవుడి పేరున చెప్పింది. అరవలేదు, గొణగలేదు, దుకాణంలో కొలత చెప్పినట్టు మామూలుగా చెప్పింది. ఆ తరవాత పిల్ల మళ్ళీ విలువలే అంది. పిచ్చుక ఆ పిల్ల చెయ్యి కూడా పట్టుకుని ఊపింది.

అంతా అయ్యాక కంచె దగ్గరికి వచ్చింది. ఒళ్ళంతా చెమట, మెడలో కొత్త రుమాలు.

"విన్నావా?"

"విన్నాను."

"నువ్వున్నావని చెప్పలేదు. చెప్పాలనిపించి చెప్పాను."

"తెలుసు," అన్నాడాయన. నిజంగా తెలుసో లేదో ఆయనకే తెలియదు.

దళంలో పిల్లలు పిలిచారు. అందరూ కలిసి నడిచి వెళుతున్నారట, అమ్మా నాన్నా వెళ్ళిపోవచ్చట. పిల్ల అటు పరిగెత్తింది. ఆయన ఏదో అనడానికి నోరు తెరిచాడు. చీకటి పడే లోపు రమ్మనో, రోడ్డు దాటేటప్పుడు జాగ్రత్తనో.

"పిలవకండి," అంది భార్య, ఆయన మోచేతి మీద చెయ్యి వేసి.

ఆయన పిలవలేదు. పిల్లలు మలుపు తిరిగేదాకా కంచె పట్టుకుని నిలబడ్డాడు. ఆ తరవాత కుంటుకుంటూ భార్య వెనకే ఇంటిదారి పట్టాడు.